కాపడం సామాన్లు: ఏది కొనాలి, ఏది షాపులోనే వదిలేయాలి

మెడికల్ షాపుకు వెళ్ళి ‘కాపడం పెట్టుకోడానికి ఏమైనా ఇవ్వండి’ అంటే కౌంటరు మీదికి నాలుగు వస్తాయి. చారలు చారల రబ్బరు సంచి, ప్లగ్గు పెట్టి వేడిచేసే పూల గుడ్డ దిండు, నడుముకు చుట్టుకునే కరెంటు బెల్టు, ఫ్రీజర్‌లోనూ వేడినీళ్ళలోనూ పెట్టుకోవచ్చని రాసి ఉన్న నీలం జెల్ ప్యాకు. ధరలు సుమారు నూటయాభై నుంచి వెయ్యీ పన్నెండొందల దాకా. ‘అన్నీ ఒకటే సార్, మీకు ఏది వీలైతే అది’ అంటాడు షాపతను. ఒకటే కావు. ఒకటి మొదటి ఐదు నిమిషాలు ఎక్కువగా కాల్చి తర్వాత చప్పబడిపోతుంది. ఒకటి ఆపేదాకా కాలుస్తూనే ఉంటుంది. ఇంకొకటి సున్నాకు పద్దెనిమిది డిగ్రీల దిగువన చర్మాన్ని పట్టుకుంటుంది. కంపెనీ పేర్లు ఇక్కడ కావాలనే రాయడం లేదు. పేరు మారినా రకం మారదు, మంచిచెడులు రకంలోనే ఉన్నాయి.

వీటిని తూచడానికి ముందు ఒక కొలత ఉండాలి. చర్మం మీద నుంచి ఇచ్చే వేడి ఒకటి, రెండు సెంటీమీటర్ల లోతు దాకానే దిగుతుంది. వేళ్ళకు, మణికట్టుకు, మోకాలి చిప్ప చుట్టుపక్కలకు అది చాలు. తుంటి కీలు దాకా, కాస్త ఒళ్ళున్న మనిషి నడుము లోపలి కండరాల దాకా చేరదు. పనికొచ్చే వేడి కండలో 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అంతకు తక్కువైతే హాయిగా ఉంటుంది, అంతే. 45 దాటితే కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. చర్మం 44 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంటే కాలుతుందని, 60 డిగ్రీల దగ్గర ఐదు సెకన్లు చాలని మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు 1947లో తేల్చారు. కాలిన గాయాల విషయంలో ఆ లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. కాబట్టి చూడాల్సింది ఎంత వేడెక్కుతుందని కాదు, ఆ ఐదు డిగ్రీల సందులో ఎంతసేపు నిలబడుతుంది, చెడిపోయినప్పుడు ఎటు చెడిపోతుంది అన్నవి.

ఇంకో మాట కూడా ముందే అనుకోవాలి. కాపడం జబ్బును నయం చేయదు. నొప్పిని కాసేపు అణచి, పట్టేసిన కండరాన్ని వదులు చేసి, గట్టిపడిన కీలు పొర కాస్త సాగేట్టు చేస్తుంది. ఆ కాసేపట్లో వ్యాయామం జరగాలి. ఫ్రోజెన్ షోల్డర్‌కు, అంటే బిగుసుకుపోయిన భుజానికి, ఇరవై నిమిషాలు కాపడం పెట్టుకుని, అటు తిరిగి నిద్రపోతే ఆ కాపడం వృథా. తీసిన వెంటనే, ఒంట్లో వేడి ఉండగానే, వేళ్ళతో గోడ మీద పైకి పాకుతూ చేతిని సాగదీయాలి. సాగదీసిన చోటనే చల్లారేదాకా పట్టి ఉంచితే ఇంకా మంచిది. నడుం నొప్పి మీద 2006లో వచ్చిన, జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష కూడా ఇలాంటి మాటే చెప్పింది: కొత్తగా పట్టిన నొప్పికి వేడి పట్టీలు కొద్దిపాటి, కొద్దికాలపు ఉపశమనం ఇస్తాయి, వ్యాయామం తోడైతే ఇంకాస్త మేలు.

ఇక రబ్బరు సంచి. 200 నుంచి 400 రూపాయలు. వందేళ్ళకు పైబడిన వస్తువు, నాలుగింట్లో మొదటి స్థానం దానిదే. దాని గొప్పతనం ఏమిటంటే, పెట్టిన క్షణం నుంచి అది చల్లారడమే తప్ప వేడెక్కడం ఉండదు. మరచిపోయి నిద్రపోయినా రాత్రంతా కాల్చదు. ప్రమాదమంతా మొదటి పది నిమిషాల్లోనే, అదీ నీళ్ళు పోసే చేతిలోనే. చాలా ఇళ్ళలో గిన్నెలో కళపెళా మరిగిన నీళ్ళు అట్లాగే సంచిలో ఒంపుతారు. రబ్బరు మెత్తబడుతుంది, మెడ దగ్గర అతుకు వదులవుతుంది, ఆవిరి ఎగదన్ని చేయి కాలుతుంది. థర్మామీటరు లేకపోయినా సులువైన కొలత ఒకటుంది. రెండు గ్లాసుల మరిగిన నీళ్ళకు మూడు గ్లాసుల కుళాయి నీళ్ళు కలపాలి. కుళాయి నీళ్ళు 30 డిగ్రీలుంటే మిశ్రమం 58 దగ్గరికి వస్తుంది, సంచి రబ్బరు కొంత లాగేశాక ఇంకా దిగుతుంది. మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్ళు 40 దాకా ఉంటాయి, అప్పుడు ఇదే కొలతతో 64 అవుతుంది కాబట్టి నాలుగు గ్లాసులు కలపండి. డిసెంబరు తెల్లవారుజామున మూడు గ్లాసులకే 52కి దిగిపోవచ్చు, అప్పుడు రెండున్నర చాలు. ముసలివాళ్ళకు, పలచని చర్మం ఉన్నవాళ్ళకు 45 దాటనివ్వకూడదు.

రెండు లీటర్ల సంచిలో మూడింట రెండు వంతులే పోయాలి, అంటే లీటరుంపావు చిల్లర. నిండా పోస్తే గుండ్రాయిలా ఉండి ఒంటికి ఆనదు. పోశాక సంచిని బల్ల మీద పడుకోబెట్టి, నీళ్ళు మెడ దాకా వచ్చేలా మెల్లగా నొక్కి గాలి పోగొట్టి, అప్పుడు బిరడా బిగించాలి. తలకిందులు చేసి సింకు మీద ఒకసారి దులపాలి. కారేది ఎక్కువగా బిరడా వాషరు దగ్గరే. రెండు మడతల తువ్వాలు చుట్టి ఒంటి మీద పెట్టుకోవాలే గానీ దాని మీద పడుకోకూడదు. ఇది అన్ని వేడి ప్యాకులకూ వర్తించే నియమం. మన బరువు కింద ఆ చోట రక్తం ఆగుతుంది, వేడిని మోసుకుపోయే దారి మూసుకుపోతుంది, చర్మం అక్కడే ఉడుకుతుంది. సంచి పగిలేది కూడా అలాంటప్పుడే. వాడాక నీళ్ళు వంపేసి, బిరడా తీసి, తలకిందులుగా వేలాడదీయాలి. వంటింట్లో పొయ్యి దగ్గర పెడితే నూనె ఆవిరికి రబ్బరు పాడవుతుంది. కొనేటప్పుడు, ఏడాదికోసారి ఇంట్లోనూ, మడత పెట్టి చారల మధ్య సన్నని పగుళ్ళున్నాయేమో చూడండి. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన సంచి అయితే మెడ దగ్గర పువ్వు గుర్తు ఉంటుంది. బ్రిటిష్ ప్రమాణం ప్రకారం పువ్వు మధ్యలో ఉన్న అంకె తయారైన సంవత్సరం, పన్నెండు రేకులు పన్నెండు నెలలు. రెండేళ్ళు దాటితే మార్చేయాలన్నది అక్కడి లెక్క. మన దగ్గర పదేళ్ళ సంచి కూడా అటక మీంచి దిగుతూనే ఉంటుంది.

మన ఇళ్ళలో ఇంతకుముందున్నవి ఉప్పు మూట, ఇసుక మూట, వావిలాకు నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ. మూటలది పొడి వేడి. పెనం మీద ఎంత కాగిందో తెలియదు, ఉప్పు గళ్ళు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, గుడ్డ పలచనైతే చుక్కలు చుక్కలుగా కాలుతుంది. వావిలాకు గుడ్డ మాత్రం తడి వేడి. ఆకు సంగతి పక్కన పెట్టినా తడి గుడ్డ వేడిని పొడి గుడ్డ కన్నా త్వరగా చర్మానికి అందిస్తుంది. అందుకే అది పూర్వం పనిచేసింది, ఇప్పుడూ పనిచేస్తుంది. ఆ కారణంగానే ఎక్కువ కాలుస్తుంది కూడా, కాబట్టి గట్టిగా పిండాలి, చుక్క కారకూడదు. ఐదారు నిమిషాలకే చల్లారిపోతుంది, మార్చడానికి పక్కన ఒక మనిషి కావాలి. రబ్బరు సంచి కింద పిండిన తడి గుడ్డ ఒక పొర వేస్తే ఆ రెండింటి మేలూ కలుస్తుంది. అప్పుడు సంచిలో నీళ్ళ వేడి మరో ఐదు డిగ్రీలు తగ్గించాలి.

ప్లగ్గు పెట్టే దిండు 250 నుంచి 500 రూపాయలు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే, చివరి స్థానం కూడా దీనిదే. లోపల ద్రవం, దానిలో వేడిచేసే భాగం, ఎనిమిది పది నిమిషాల్లో వేడెక్కి దానంతట అది ఆగుతుంది. ఆ ఆగడమన్నది చిన్న థర్మోస్టాటు దయ. అది చెడితే దిండు ఉబ్బుతుంది, అతుకు విడిపోయి మరిగే ద్రవం ఒంటి మీద పడుతుంది. రబ్బరు సంచి చెడితే చల్లారిపోతుంది లేదా కారుతుంది, ఇది చెడితే మరిగిపోతుంది. తేడా అదీ. అందులోనూ రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో వేడి తీగ గొట్టంలో మూసి ఉంటుంది. రెండోదాంట్లో రెండు లోహపు కడ్డీలు నేరుగా ద్రవంలోనే ఉంటాయి, కరెంటు ఆ ద్రవం గుండానే పారుతుంది. బయటి నుంచి చూస్తే ఏది ఏదో తెలియదు, పెట్టె మీద రాయరు, షాపతనికీ తెలియదు. ఇప్పటికే ఇంట్లో ఉంటే మూడు జాగ్రత్తలు. వేడెక్కేటప్పుడు బల్ల మీద, ప్లగ్గు మూతి పైకి వచ్చేలా, మనిషికి దూరంగా ఉంచాలి. ప్లగ్గు తీసి, గుడ్డతో మూతి తుడిచి, అప్పుడు ఒంటికి పెట్టుకోవాలి. ఎప్పుడైనా ఒక్కసారి బుడ్డలా ఉబ్బినా, కుట్టు దగ్గర తడి కనిపించినా చెత్తలో వేయాలి. దానిలోకి మళ్ళీ నీళ్ళు ఎక్కించి అతికించే చిట్కాలు వీడియోల్లో తిరుగుతున్నాయి. అవి చూసి వదిలేయండి.

కరెంటు బెల్టుకు 500 నుంచి 1200. నడుముకు, భుజానికి ఒంపు తిరిగి సరిగ్గా ఆనుతుంది, వేడి సమానంగా ఉంటుంది, కుర్చీలో కూర్చుని వాడుకోవచ్చు. టైమరు ఉన్నది అయితే రబ్బరు సంచి తర్వాతి స్థానం దీనికే ఇవ్వవచ్చు. ఇరవై ముప్పై నిమిషాలకు దానంతట ఆగనిదైతే అసలు కొనకండి. తక్కువ-మధ్య-ఎక్కువ అని మూడు మీటలుండటం టైమరు ఉండటం కాదు. పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు, వైరు బెల్టులోకి దూరే చోట గట్టి రబ్బరు తొడుగు, ఉతకడానికి విడిగా వచ్చే గుడ్డ తొడుగు ఉన్నాయో చూడాలి. ఇంటికి తెచ్చాక ఒంటికి పెట్టుకోకముందే ఒక పరీక్ష: బెల్టును బల్ల మీద పరచి, పైన తువ్వాలు కప్పి, ఎక్కువ వేడి మీద పదిహేను నిమిషాలు ఉంచి, అరచేతితో అంగుళం అంగుళం తడమండి. ఎక్కడైనా రూపాయి బిళ్ళంత చోటు మిగతాదాని కన్నా చురుక్కుమంటే లోపల తీగ మడతపడిందని అర్థం, తిరిగి ఇచ్చేయండి. మడత పెట్టి బీరువాలో దాచడం వల్లే ఈ జబ్బు వస్తుంది. చాపలా చుట్టి పెట్టాలి. రోజూ గంటల తరబడి ఒకేచోట పెట్టుకుంటే కాలకుండానే చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు వస్తాయి. అవి కనిపిస్తే కొన్ని నెలలు ఆ చోట వేడి మానాలి. బెల్టు కట్టే చోటే ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు కూడా జాగ్రత్తపడాలి. వేడికి మందు రక్తంలోకి త్వరగా దిగి షుగర్ పడిపోవచ్చు. ఫెంటానిల్ లాంటి నొప్పి ప్యాచ్ అంటించుకున్నవాళ్ళకు దాని మీద వేడి ప్రాణాంతకం కావచ్చు.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పుకోవాలి. ఈ సామాన్లతో కాలిన కాళ్ళలో ఎక్కువ భాగం స్పర్శ తగ్గిన కాళ్ళే. పాదాలు చల్లగా, తిమ్మిరిగా ఉన్నాయని కాపడం పెడతారు. వేడి తెలియడం లేదని ఇంకా వేడి చేస్తారు. పొద్దున లేచేసరికి బొబ్బ, ఆ తర్వాత మానని పుండు. ఎవరికైనా మొదటిసారి కాపడం పెట్టేముందు రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్ళు, ఒకదాంట్లో ఫ్రిజ్ నీళ్ళు. మనిషి కళ్ళు మూసుకోవాలి. కాపడం పెట్టాల్సిన చోట గ్లాసు అడుగును రెండు సెకన్లు ఆనించి ఏది వేడి, ఏది చల్లన అని వరస మార్చి ఎనిమిది పది సార్లు అడగాలి. ఒక్కసారి తప్పు చెప్పినా ఆ చోట వేడీ వద్దు, ఐసూ వద్దు. పిక్కలో రక్తం గడ్డకట్టిన అనుమానం, కేన్సర్ ఉన్న భాగం, చీము, ఎర్రగా కాగిపోతున్న కీలు ఉన్నప్పుడు వేడి పూర్తిగా నిషిద్ధం. గర్భిణులు పొట్ట మీద, నడుము మీద వేడి పెట్టుకోకూడదు.

ఇక చల్లదనం. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు వేడి వద్దన్న మాటకు ఇప్పటికీ తిరుగులేదు. బెణికిన చీలమండకు అదే సాయంత్రం వేడినీళ్ళు పోస్తే లోపల కారే రక్తం ఇంకా కారుతుంది, తెల్లారేసరికి కాలు చెప్పులో పట్టదు. ఐసు సంగతి మాత్రం కాస్త మారింది. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అన్న నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే డాక్టరే, 2014లో, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తన మాట తానే సవరించుకున్నాడు. కాబట్టి ఐసును నొప్పి తగ్గించే పనికే వాడాలి, ఆ మొదటి రోజుల్లో, కొద్దిసేపు. వాపు మాయమవుతుందని రోజంతా పెట్టుకోనక్కర్లేదు.

నీలం జెల్ ప్యాకు 150 నుంచి 400 రూపాయలు. చేతికి మెత్తగా ఉంటుంది, కీలు చుట్టూ ఒదుగుతుంది, పదే పదే వాడొచ్చు. అయినా మామూలు ఐసు ముక్కలే దానికన్నా మేలు. ఎందుకో లెక్క చూడండి. కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీల దగ్గరే నిలిచి ఉంటుంది, అంతకన్నా చల్లబడదు. గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీల వేడి లాగుతుంది. అరకిలో ఐసు పూర్తిగా కరిగేలోపు 40 కిలో క్యాలరీలు ఒంటి నుంచి, గాలి నుంచి తీసుకుంటుంది. జెల్ గడ్డకట్టదు కాబట్టే మెత్తగా ఉంటుంది, గడ్డకట్టదు కాబట్టే దానికి ఆ కరిగే శక్తి లేదు. ఇంటి ఫ్రీజర్‌లో అది సున్నాకు 18 డిగ్రీల దిగువకు పోతుంది. అరకిలో జెల్ అక్కడి నుంచి సున్నాకు ఎక్కేలోపు లాగే వేడి పది కిలో క్యాలరీల లోపే. ఫలితం ఏమిటంటే, మొదటి ఐదు నిమిషాలు చర్మం గడ్డకట్టేంత చలి, పదిహేనో నిమిషానికి నీరసం. క్లినిక్కుల్లో వాడే కోల్డ్ ప్యాకుల పెట్టెను సున్నాకు ఐదు డిగ్రీల దిగువనే ఉంచుతారు. ఇంటి ఫ్రీజర్ దాని కోసం తయారైంది కాదు. జెల్ ప్యాకే వాడేట్టయితే తీసి ఐదు నిమిషాలు బయట ఉంచి, సన్నని తడి గుడ్డ చుట్టి, పదిహేను నిమిషాలకు మించకుండా వాడండి. మందపు పొడి టర్కీ తువ్వాలు చుడితే చలి దాటదు, ఉత్త బరువే మిగులుతుంది.

కొనేటప్పుడు ప్యాకును రెండు చేతుల్తో గట్టిగా పిసికి అంచు అతుకులు చూడండి. మెరిసే పలచని ప్లాస్టిక్‌ది ఫ్రీజర్‌లో పెళుసెక్కి నాలుగైదు నెలల్లో మూల దగ్గర చీలుతుంది. నైలాన్ పై పొర ఉన్నది ఎక్కువ రోజులు మన్నుతుంది. లోపల ఏముందో రాయని ప్యాకు పిల్లలున్న ఇంట్లో వద్దు, కొన్నింట్లో విషపు గ్లైకాల్ ఉంటుంది. వేడికి వాడేటప్పుడు మైక్రోవేవ్‌లో ఒకేసారి మూడు నిమిషాలు పెట్టకండి. మధ్యలో ఒకచోట ఉడికి, అంచుల్లో చల్లగా ఉంటుంది. ముప్పై సెకన్లకొకసారి తీసి పిసికి మళ్ళీ పెట్టాలి.

ఇంట్లో చేసుకునే ఐసు సంచికి జిప్పు కవరు చాలు. రోకటితో నలగ్గొట్టిన ఐసు అరకిలో, ఒక గ్లాసు నీళ్ళు. నీళ్ళెందుకంటే ముక్కల మధ్య గాలి పోయి, సంచి ఒంటికి అతుక్కోవడానికి. మొదట చల్లన, తర్వాత మంట, తర్వాత లోపలి నుంచి పోటు, ఆఖరున తిమ్మిరి: వరస ఇదే. పది నుంచి ఇరవై నిమిషాల్లో తిమ్మిరి వస్తుంది, రాగానే తీసేయాలి. చర్మం ఎర్రబడటం మామూలు. తెల్లగా, మైనంలా మారితే వెంటనే తీసి గోరువెచ్చని చేయి ఆనించాలి, రుద్దకూడదు. టెన్నిస్ ఎల్బో (మోచేతి బయటి పక్క నొప్పి) లాంటి చిన్న చోటికి కాగితపు టీ గ్లాసులో నీళ్ళు పోసి గడ్డకట్టించి, అంచు అంగుళం మేర చింపి, గుండ్రంగా రుద్దడం అన్నిటికన్నా చవకైన, మంచి పద్ధతి. ఐసు ఒకచోట ఆగకూడదు, ఐదు నుంచి పది నిమిషాల్లో పని అయిపోతుంది. అందులో ఐస్‌క్రీమ్ పుల్ల ఒకటి గుచ్చి గడ్డకట్టిస్తే పట్టుకునే చేయి చల్లబడదు.

మోకాలి కీలు మార్పిడి అయినవాళ్ళ ఇళ్ళలో ఐసు ప్యాకు రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగుతుంది. వాళ్ళకు ఒక ప్రత్యేక హెచ్చరిక. ఆపరేషను కోతకు బయటి వైపున అరచేయంత చోట స్పర్శ ఉండదు, కోతలో చిన్న నరం తెగుతుంది కాబట్టి. ఆ చోట మంటా పోటూ తెలియవు, ఐసు కాటు తెలియకుండానే పడుతుంది. గడియారం చూసుకుని పదిహేను నిమిషాలకు తీయాలి, మధ్యలో ఒకసారి ఎత్తి చూడాలి, కట్టు తడవకూడదు. మోకాలి బయటి పక్క, చిప్ప కింద తగిలే గుండ్రటి ఎముక వెనక నుంచి ఒక నరం చర్మానికి ఆనుకునే పోతుంది. ప్యాకును బిగించి కట్టి దాని మీద ఎక్కువసేపు ఉంచితే పాదం పైకి లేవకుండా వాలిపోయే ప్రమాదం ఉంది. మోచేతి లోపలి పక్క ‘కరెంటు కొట్టే’ చోటుకూ ఇదే జాగ్రత్త. లోపల లోహపు కీలు ఉందని ఐసుకో, పైపై వేడికో భయపడనక్కర్లేదు, అవి అంత లోతుకు పోవు. లోహంతో పేచీ వచ్చేది లోతు కండను కరెంటుతో వేడిచేసే డయాథర్మీ మిషనుకు. చలికి వేళ్ళు తెల్లబడి నీలమయ్యేవాళ్ళు, చలికి దద్దుర్లు లేచేవాళ్ళు ఐసు జోలికి పోకూడదు.

స్ప్రేలు, బామ్‌లు చలి సామాన్ల కింద లెక్కకు రావు. మెంథాల్ చర్మంలో చలిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. చల్లగా అనిపిస్తుంది గానీ కండ చల్లబడదు. ఆ గ్రాహకాన్ని మెంథాల్ సాయంతోనే పట్టుకున్న జూలియస్, పటపూటియన్ అనే శాస్త్రవేత్తలకు 2021లో నోబెల్ వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగింట్లో బామ్ డబ్బా లేని గూడు లేదు, దాంతో వచ్చిన అలవాటే ఒక ముప్పు: బామ్ దట్టంగా పట్టించి దాని మీద కాపడం పెట్టడం. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న పూతలు వేడితో కలిస్తే చర్మం బొబ్బలెక్కుతుంది. ఈ పూతలు వాటంతట అవే అరుదుగా కాల్చవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో హెచ్చరించింది, వేడి ప్యాడ్లతో కలిపి వాడొద్దని కూడా చెప్పింది. కాపడం, వ్యాయామం అయ్యి, చర్మం మామూలు స్థితికి వచ్చాక బామ్ రాసుకోండి. ముందు రాసి ఉంటే సబ్బుతో కడిగి ఆరాకే కాపడం.

చేతి వేళ్ళకు మాత్రం వీటన్నిటినీ మించింది మైనం తొట్టి. 2500 నుంచి 5000 రూపాయలు పెట్టాలి, మెడికల్ షాపులో ఉండదు, సర్జికల్ సామాన్ల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుంది. వేళ్ళ కీళ్ళ అరుగుదల, మణికట్టు విరిగి కట్టు విప్పాక బిగుసుకుపోయిన చేయి, వీటికి సంచులేవీ వేళ్ళ సందుల్లోకి పోవు, మైనం పోతుంది. ఆరేడు పాళ్ళ పారఫిన్‌కు ఒక పాలు మినరల్ ఆయిలు కలుపుతారు. నూనె వల్ల మైనం కరిగే వేడి తగ్గుతుంది, ఒలవడానికీ సులువు. తొట్టి 52-54 డిగ్రీల మధ్య ఉండాలి. అదే వేడి నీళ్ళలో చేయి పెట్టలేం గానీ మైనంలో పెట్టగలం. మైనం తక్కువ వేడిని దాచుకుంటుంది, దాన్నీ మెల్లగా వదులుతుంది. ఈ లెక్క తెలియకే నీటి చుక్క ముప్పు అర్థం కాదు. తడి చేయి ముంచితే మైనం కింద చిక్కిన నీరు చురుక్కున కాలుస్తుంది. కాబట్టి ఉంగరాలు తీసి, సబ్బుతో కడిగి, వేళ్ళ సందులతో సహా పూర్తిగా తుడవాలి. వేళ్ళు కాస్త ఎడంగా పెట్టి మణికట్టు దాకా ముంచి తీయాలి, మెరుపు పోయి మసకబారే దాకా ఆగి మళ్ళీ ముంచాలి. ఇలా ఎనిమిది నుంచి పది పొరలు. మొదటి ముంపు గీత కన్నా పైకి మళ్ళీ ముంచకూడదు. మధ్యలో వేళ్ళు కదిలిస్తే పొర పగిలి, ఆ చీలికలోంచి వేడి మైనం దూరుతుంది. తర్వాత ప్లాస్టిక్ కవరు, పైన తువ్వాలు, ఇరవై నిమిషాలు. ఒలిచిన మైనం ఇంకా వెచ్చగా ముద్దలా ఉంటుంది. దాన్నే అదే చేత్తో పిసకడం మంచి వ్యాయామం, అమ్మేవాళ్ళెవరూ చెప్పని ఉచిత లాభం.

తొట్టిలో లోపాలూ ఉన్నాయి. కొన్నిట్లో చూపించే అంకెకూ అసలు వేడికీ పొంతన ఉండదు. గాజు థర్మామీటరు ఒకటి విడిగా కొని మొదటి రోజే సరిచూడండి. మైనం మీద, అంచుల వెంట పలచని తెల్లని మీగడ కట్టడం మొదలైతే ముంచే వేడికి వచ్చిందని గుర్తు. చల్లని ముద్ద పూర్తిగా కరగడానికి గంటలు పడుతుంది, సాయంత్రం వాడాలంటే మధ్యాహ్నమే ఆన్ చేయాలి. తొందరపడి గ్యాసు స్టవ్ మీద గిన్నె పెట్టి కరిగించకండి, మైనం ఆవిరి అంటుకుంటుంది. పుండు, గాయం, గోరుచుట్టు ఉన్న చేయి తొట్టిలో పెట్టకూడదు. నలుగురు వాడే చోట ఒలిచిన మైనం తిరిగి తొట్టిలో వేస్తున్నారంటే ఆ చోటు మారండి.

ఎర్ర లైటు, అంటే ఇన్‌ఫ్రారెడ్ ల్యాంపు, బరువు మోపితే ఓర్చుకోలేని చోటికి పనికొస్తుంది, మిగతావాళ్ళకు అక్కర్లేదు. 45 నుంచి 60 సెంటీమీటర్ల దూరం తప్పనిసరి. దూరం సగం చేస్తే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. సరిగ్గా నెత్తి మీద వేలాడదీయకుండా పక్క నుంచి చర్మం మీద సూటిగా పడేలా పెట్టాలి, పగిలితే గాజు ఒంటి మీద పడకుండా. కళ్ళ మీద తడి దూది.

క్లినిక్కులో డబ్బిచ్చి పెట్టించుకునే హాట్ ప్యాకు వేరే సంగతి. మందపాటి గుడ్డ గదుల్లో బంకమట్టి లాంటి పొడి నింపి, 70-75 డిగ్రీల నీళ్ళ తొట్టిలో నానబెడతారు. ఇంట్లోని ఏ సంచీ ఇంత నిలకడైన తడి వేడి ఇవ్వలేదు. అంత వేడి కాబట్టే ఒంటికీ దానికీ మధ్య ఆరు నుంచి ఎనిమిది పొరల తువ్వాలు ఉండాలి. రెండే మడతలు వేసి ‘ఓర్చుకోండమ్మా, వేడిగా ఉంటేనే పనిచేస్తుంది’ అంటే లేచి రండి. పెట్టేముందు షుగరుందా అని అడిగారా, ఐదో నిమిషంలో ప్యాకు ఎత్తి చర్మం చూశారా, పిలవడానికి గంట ఏదైనా చేతికిచ్చారా అన్నవి గమనించండి. పదో నిమిషం దగ్గర వేడి గరిష్ఠానికి చేరుతుంది, పెట్టిన వెంటనే హాయిగా ఉందని అదనంగా ఒక పొర తీయమని మీరూ అడగొద్దు. ఎర్రగా మచ్చలు మచ్చలుగా తేలి, మధ్యలో తెల్లని చుక్కలుంటే ఎక్కువైనట్టు. ఒక ప్యాకు తొట్టిలోకి తిరిగి పోయాక మళ్ళీ పూర్తిగా వేడెక్కడానికి అరగంట కావాలి. పది నిమిషాలకే అదే ప్యాకు పక్క మంచానికి పోతుంటే రెండో మనిషి గోరువెచ్చని గుడ్డకు డబ్బు కడుతున్నట్టు. ఇరవై నిమిషాల తర్వాత ప్యాకు తీసి ‘రేపు రండి’ అని పంపేస్తున్నారా, లేక ఆ వెచ్చదనం పోకముందే చేతిని, కాలిని పట్టుకుని కదిలిస్తున్నారా, రుసుము దేనికి కడుతున్నారో తేలేది అక్కడే. మొదటిదే అయితే ఆ పని మూడొందల రూపాయల రబ్బరు సంచి, రెండు గ్లాసుల మరిగిన నీళ్ళు, మూడు గ్లాసుల కుళాయి నీళ్ళు ఇంట్లోనే చేస్తాయి.